తెరలు నేసినవారి కూలి

వాక్యభాగములు: ఎస్తేరు 1:1-12, యిర్మీయా 22:13-19, యాకోబు 5:1-6



ఒక ఆదివారము సండేస్కూలు పిల్లలచేత కంఠత వాక్యములు చెప్పించుచుండగా ముందు వరుసలోని ఒక అబ్బాయి చొక్కా మా కంటబడినది. లేత నీలిరంగు చొక్కా. దానిమీద ఎతిహాద్ అను విమాన కంపెనీ పేరు పెద్ద అక్షరములతో ఉన్నది. "ఏం బాబూ, నువ్వు ఈ విమానం ఎక్కినవా?" అని అడిగితిమి. వాడు నవ్వి, "కాదు తాతా, ఇది మాంచెస్టర్ సిటీ జెర్సీ. ఫుట్‌బాల్ టీము" అన్నాడు. వాని ప్రక్కన కూర్చున్న చిన్నపిల్ల మెల్లగా, "మా నాయన ఆ విమానంలనే పోయిండు తాతా" అన్నది. ఆ బిడ్డ తండ్రి అబుదాబిలో సెంట్రింగు పని చేయుచున్నాడు. రెండేండ్లు దాటినను ఇంకను ఇల్లు చేరలేదు.

ఒకే పేరు ఒక బిడ్డకు ఆట, మరియొక బిడ్డకు ఎడబాటు. ఈ రెంటికిని గల సంబంధమేమో వాక్యపు వెలుగులో ఆలోచింతము.

రాజుల ఆట

ఆ మాంచెస్టర్ సిటీ టీమును అబుదాబి రాజకుటుంబమునకు చెందిన షేక్ మన్సూర్ 2008లో కొన్నారు. 2011లో కతార్ దేశపు పెట్టుబడి సంస్థ పారిస్ నగరపు టీమును తీసికొన్నది. ఆ టీము 2017లో నేమార్ అను ఒక్క ఆటగాని కొరకు 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించినది. 2021 అక్టోబరులో సౌదీ అరేబియా ప్రభుత్వ నిధి ఇంగ్లండులోని న్యూకాసిల్ టీములో నూటికి 80 వంతులు కొన్నది. 2022 డిసెంబరు చివరిలో రొనాల్డో సౌదీ టీములో చేరినాడు. 2034 ప్రపంచ కప్పు సౌదీలో జరుగునని 2024 డిసెంబరు 11న ఫిఫా సంస్థ ప్రకటించినది.

ఇది దూరదేశపు సంగతి అని తలంచవద్దు. మనకు లోకల్ ట్రెయిన్ దూరములో, అంధేరిలో ఆడే ముంబై సిటీ ఎఫ్‌సి టీములో నూటికి 65 వంతులను అదే అబుదాబి వారి గ్రూపు 2019లో కొన్నది. ఆ టీము 2021లో లీగు షీల్డును, కప్పును రెంటిని గెలిచినది. అయితే మన దేశపు లీగు భవిష్యత్తు తేలకపోవుటచేత 2025 డిసెంబరులో ఆ గ్రూపు తన వాటాను విడిచి వెళ్లినది. వ్యాపారమునకు ప్రయోజనమే కొలత అని మనకు దీనివలన తెలియుచున్నది.

చమురు, గ్యాసు అమ్మిన సొమ్మును బంతి వెనుక ఎందుకు పోయుచున్నారు? చమురు ఎల్లకాలము ఉండదు, ఇతర ఆదాయములు కావలెను. ఇది ఒక కారణము, ఇందులో తప్పు లేదు. రెండవది పేరు. చిన్న దేశమైనను ప్రతి ఇంటి టీవీలో తన పేరు కనబడిన యెడల పెద్ద దేశములు దానితో స్నేహము కోరును. మూడవది మరక. 2018లో జమాల్ ఖషోగీ అను పత్రికా రచయిత ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేటులో చంపబడినప్పుడు లోకమంతయు ఆ దేశమును వేలెత్తి చూపినది. ఆటతో అటువంటి మరకలు కడుగుకొనుచున్నారని విమర్శకులు అనుచున్నారు. సౌదీ యువరాజు 2023లో ఒక అమెరికా టీవీవారితో, దేశపు ఆదాయము నూటికి ఒక వంతు పెరుగుననిన ఆ పని ఇంకను చేసెదనని దాచకుండ చెప్పెను.

తెరలు ఎవరు నేసిరి?

ఇది కొత్త సంగతి కాదు. ఎస్తేరు గ్రంథము మొదటి అధ్యాయములో అహష్వేరోషు రాజు ఉన్నాడు. మన హిందూదేశము మొదలుకొని కూషు వరకు 127 సంస్థానములను ఏలినవాడు. అతడు షూషను కోటలో తన అధిపతులను కూర్చి 180 దినములు తన ఐశ్వర్యమును, తన మహిమను చూపుచునే ఉండెను. పిమ్మట ఏడు దినములు విందు. అక్కడ వ్రేలాడదీసిన తెరలను లేఖనము ఎంతో వివరముగా వర్ణించినది. వాటి తెలుపు, నీలము రంగులు, అవిసెనార త్రాళ్లు, వెండి ఉంగరములు, చలువరాతి స్తంభములు అన్నియు వ్రాయబడినవి.

సాంచాల మీద బ్రతికే మనము ఈ భాగము చదివినప్పుడు ఒక ప్రశ్న అడుగవలెను. ఆ తెరలు ఎవరు నేసిరి? ఎన్ని రాత్రులు నేసిరి? వారికి కూలి ముట్టినదా? విందుకు వచ్చినవారు ఎవరును అడిగినట్లు లేదు. 187 దినములు మహిమ చూపిన రాజు మాటను చివరి దినమున సొంత ఇంటిలో వష్తి రాణియే వినలేదు. చూపించుకొను మహిమకు అంతే బలము.

మనము భీవండిలో నేసేది గ్రే బట్ట. అది రంగులకు పోయి, కుట్టుకు పోయి, ఎవరి వంటిమీదనో మెరియును. పద్మానగర్‌లోనో కామత్‌ఘర్‌లోనో రాత్రిపాళి చేసిన మనిషి పేరు ఆ బట్టమీద ఉండదు. కనుక ఈ ప్రశ్న అడుగుటకు మనకంటె తగినవారు ఎవరు?

దోహాలో ఆ ప్రశ్న అడిగినప్పుడు

కతార్‌కు 2022 ప్రపంచ కప్పు జరుపు అవకాశము 2010 డిసెంబరులో దొరికినది. ఎనిమిది స్టేడియములలో ఏడు కొత్తగా కట్టిరి. రోడ్లు, మెట్రో, విమానాశ్రయము అన్నియు కలిపి సుమారు 20 వేల కోట్ల డాలర్లు ఖర్చు అయినదని పత్రికలు వ్రాసినవి. కట్టినవారు మన దేశమువారు, నేపాలువారు, బంగ్లాదేశువారు, ఇతర పేద దేశములవారు. వారిలో కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు బిడ్డలు ఉన్నారు. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని మన ప్రాంతమువారు అనుకొను మాట మీరెరిగినదే. అన్నదమ్ములలో ఒకడు భీవండికి వచ్చి సాంచా పట్టుకొంటే, ఒకడు గల్ఫుకు పోయి తట్ట పట్టుకొన్నాడు. మన ఇండ్లలోనే ఇది ఉన్నది.

ఇంగ్లండులోని గార్డియన్ పత్రిక 2021 ఫిబ్రవరిలో ఒక లెక్క ప్రచురించినది. 2010 డిసెంబరు తరువాత పదేండ్లలో అయిదు దక్షిణాసియా దేశముల కార్మికులు కతార్‌లో 6,500 మందికి పైగా చనిపోయిరి. వారిలో 2,711 మంది భారతీయులు. న్యాయముగా చెప్పవలెనంటే, ఈ లెక్క స్టేడియముల మీద చనిపోయినవారిది మాత్రమే కాదు, అన్ని పనులవారిది, అన్ని కారణములది. అంత పెద్ద జనసంఖ్యలో ఇన్ని మరణములు సహజమేనని కతార్ ప్రభుత్వము చెప్పినది. 2022 నవంబరులో ప్రపంచ కప్పు నిర్వహణ అధికారియే తమ అంచనా 400 నుండి 500 అని టీవీలో చెప్పెను. లెక్క ఏదైనను, ఎన్నో మరణ పత్రములలో సహజ మరణము అని మాత్రమే వ్రాసిరి, శవపరీక్ష చేయలేదు. ఎర్రటి ఎండలో పని చేసిన పడుచువాడు నిద్రలో పోయినాడని కాగితము వచ్చిన యెడల, తల్లి ఎవరిని అడుగవలెను?

మంచిని కూడ చెప్పవలెను. లోకమంతయు చూచుచుండుటచేత అక్కడి చట్టములు మారినవి. యజమాని అనుమతి లేనిదే వేరే పనికి పోరాదను నియమమును 2020లో తీసివేసిరి. 2021 మార్చి నుండి నెలకు 1,000 రియాళ్ల కనీస జీతము పెట్టిరి. కాని చనిపోయినవారి కుటుంబములకు, జీతము పోగొట్టుకొన్నవారికి పరిహారముగా 44 కోట్ల డాలర్లు కేటాయించుమని హక్కుల సంఘములు 2022లో ఫిఫాను కోరినవి. ఆ కప్పులో టీములకిచ్చిన బహుమతుల మొత్తము అంతే. 2024లో ఫిఫా 5 కోట్ల డాలర్ల నిధి పెట్టినది గాని, అది ఆ కుటుంబములకు పరిహారము కాదు, ఇతర కార్యక్రమములకు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ మాటలు ఒక మతమువారి మీద ఎత్తినవి కావు. మన ఊరు 1970లోను 1984లోను కాలిపోయిన ఊరు. మన ప్రక్క సాంచా నడిపే ముస్లిం సోదరునికి ఆ రాజుల సొమ్ములో పైసా రాలేదు, అతని కొడుకులును అదే విమానమెక్కిరి. 1934లో ఇటలీలో ముసోలినీ, 1978లో అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వము ఇదే ఆటను ఇదే పనికి వాడుకొన్నవి. అవి క్రైస్తవ దేశములని పేరుపొందినవే.

దావీదు ఇంటివాని మీద ప్రవచనము

కనుకనే యిర్మీయా 22వ అధ్యాయము మనలను వణికించవలెను. అక్కడ ప్రవక్త గద్దించినది అన్యరాజును కాదు, దావీదు సింహాసనము మీద కూర్చున్న యెహోయాకీమును. ఇతడు విశాలమైన మేడ కట్టించి, పెద్ద కిటికీలు పెట్టించి, దేవదారు పలకలు వేయించి, ఎర్రని రంగు పూయించెను. పని చేసినవారికి మాత్రము కూలి ఇయ్యలేదు. ప్రవక్త అతనికి తండ్రియైన యోషీయాను జ్ఞాపకము చేసెను. యోషీయాయు అన్నపానములు పుచ్చుకొన్నాడు, అయినను దీనుల వ్యాజ్యెమును న్యాయముగా తీర్చినాడు. దేవుని ఎరుగుట అంటే అదేనని యిర్మీయా చెప్పుచున్నాడు. ఎంత మందిరము కట్టితిమి, ఎంత పేరు సంపాదించితిమి అని అక్కడ ప్రశ్న లేదు. అపొస్తలుడైన యాకోబు కూడ, బిగబట్టిన కూలి కేకలు వేయుననియు, ఆ కేక దేవుని చెవిని చేరుననియు వ్రాసెను.

మన తెలుగు బాప్టిస్టుల చరిత్రలో దీనికి మంచి మాదిరి కలదు. 1876-78 కరువు కాలములో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చెను, కూలి ఇచ్చెను. కూటి కొరకు క్రీస్తు నొద్దకు వచ్చిరను మాట రాకూడదని ఆ కరువు పని నడిచినంత కాలము బాప్తిస్మములు ఆపివేసెను. కరువు తీరిన తరువాతనే 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆయన కూలిని, పేరును కలుపలేదు.

మా తప్పు

ఇంత వ్రాసి మా తప్పు చెప్పకుండుట న్యాయము కాదు. చాల ఏండ్ల క్రిందట మేము ఒక మందిర నిర్మాణ కమిటీలో ఉంటిమి. గేటుకు కమాను పెట్టించితిమి, దాతల పేర్లతో పాలరాయి చెక్కించితిమి. డబ్బు చాలకపోగా మేస్త్రీకి, కూలీలకు ఇవ్వవలసిన చివరి వాయిదా ఏడు వారములు నిలిపితిమి. ప్రతిష్ఠ ఆరాధన నాడు షామియానా, బ్యాండు, మూడు వందల మందికి భోజనము. పాలమూరు నుండి వచ్చిన ఆ మేస్త్రీ గేటు దగ్గర నిలుచుండెను. మేము దగ్గరకు పోగా, "పండుగ కానియ్యిండ్రి అయ్యగారూ, అయినంక వస్త" అన్నాడు. మేము "సరే" అంటిమి. తరువాత బాకీ తీర్చితిమి. కాని ఆ "సరే" ఇప్పటికిని మమ్మును గుచ్చుచున్నది. ఆ దినమున మందిరములో మేము కూర్చుంటిమి, కట్టినవాడు గేటు బయట ఉండెను. పాలరాయి మీద అతని పేరు లేదు.

కతార్ రాజుకును మా కమిటీకిని సొమ్ములో భేదము గాని ఆ గడియలో మనసులో భేదము లేదు.

మనము చేయవలసినది

జెర్సీ వేసుకొనుట పాపము కాదు, ఆట చూచుట పాపము కాదు. పిల్లలను గద్దింపవద్దు. ఆ స్టేడియము ఎవరు కట్టిరని వారితో మాట్లాడుడి.

సౌదీ 2034 కొరకు చూపిన 15 స్టేడియములలో 11 కొత్తగా కట్టవలసినవి. మన పిల్లలను పిలువక మానరు. పోవువారు ప్రభుత్వ రిజిస్ట్రేషను గల ఏజెంటు ద్వారానే పోవలెను. విజిట్ వీసా మీద పనికి పోరాదు. ఒప్పంద పత్రపు నకలు ఇంటిలో ఉంచవలెను. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద రెండేండ్లకు 275 రూపాయలు కట్టిన యెడల ప్రమాద మరణమునకు 10 లక్షల బీమా కలదు. గల్ఫులో మరణించిన కార్మికుల కుటుంబములకు 5 లక్షల సహాయము ఇచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఉత్తర్వు చేసినది. చదువురాని వారికి సంఘములోని చదువరులు ఈ కాగితములు చదివి చెప్పవలెను.

మనలో కొందరు సొంత సాంచాలు పెట్టుకొన్నారు, దేవునికి స్తోత్రము. వారమునకు కట్టిన లెక్క ఆ వారమే తేల్చుడి. జీతము బిగబట్టి క్రిస్మస్ కానుక పెద్దదిగా వేయకుడి. సంఘ ట్రెజరర్లు, బిల్డింగ్ కమిటీవారు ఒక్క నియమము వ్రాసికొనుడి: చివరి కూలి ముట్టనిదే ప్రతిష్ఠ లేదు. ప్రతిష్ఠ దినమున మొదటి వరుసలో మేస్త్రీని, కూలీలను కూర్చుండబెట్టుడి.

ఆ చిన్నపిల్ల తండ్రి క్షేమముగా ఇల్లు చేరవలెనని ప్రార్థించుడి. వడ్లవాని ఇంట పెరిగి, చేతిపని ఎరిగిన మన ప్రభువు గేటు బయట నిలిచినవానిని మరువడు. ఆయన తీర్పుదినమున పిలుచునప్పుడు మన తెరలు నేసినవారు మనమీద సాక్ష్యము చెప్పవలసిన పని లేకుండ బ్రతుకుటకు ఆయన కృప మనకందరికి తోడై యుండును గాక. ఆమేన్.