వేటకన్ను, కాపరికన్ను



ఒక మనుష్యుడు మారెనని విన్నప్పుడు మనము వెంటనే అడుగు ప్రశ్న యొకటి కలదు. అతని మనస్సు మారెనా, లేక లాభము మాత్రమే మారెనా? చాల యేండ్ల క్రిందట నా పరిచర్యలో సారా కాచుట మానిన ఒకడు సంఘపు కానుకల లెక్క వ్రాసెదనని ముందుకు వచ్చెను. "జరిమానాకు జడిసి మానినవాడే గాని పాపమునకు జడిసి కాదు" అని నేను పెద్దల యెదుట అంటిని. ఆ మాట అతని చెవిని పడెను. మరి యెన్నడును అతడు ఆరాధనకు రాలేదు. నేనన్నది అబద్ధము కాదు. అయినను అది న్యాయమా అని నేటికిని నన్ను నేను అడుగుకొనుచున్నాను. ఇటీవల దూరపు ద్వీపమొకదానిని గూర్చి చదివినప్పుడు ఈ ప్రశ్న మరల నా యెదుట నిలిచెను. మీరును నాతో కూడ అచ్చటికి రండి.

ఐరోపాకు పడమట, అట్లాంటిక్ మహాసముద్రము నడుమ, పోర్చుగల్ దేశమునకు చెందిన అజోర్స్ అను తొమ్మిది ద్వీపములు కలవు. అన్నియు అగ్నిపర్వతములవలన పుట్టినవే. వానిలో పీకో అను ద్వీపమున 2,351 మీటర్ల కొండ సముద్రపుటంచునుండియే లేచి నిలిచియున్నది. నేల నల్లరాయి. ఆ రాళ్లనే ఏరి గోడలుగా పేర్చి, వాని చాటున జనులు ద్రాక్షతీగెలు పెంచుకొనిరి. నీటిక్రింద కూడ నేల నిటారుగా దిగిపోవును గనుక, లోతున మేసెడి తిమింగలములు అక్కడ ఒడ్డునకు దగ్గరగానే తిరుగును.

వానిని చూచుటకు నేడు అనేక దేశములనుండి జనులు ఆ ద్వీపమునకు సెలవుదినములు గడుప వచ్చుచున్నారు. మీరును లాజెస్ అను రేవున పడవ నెక్కితిరనుకొనుడి. మార్గదర్శి మీకు గాలిచొక్కా తొడిగించి, ఎట్లు కూర్చుండవలెనో చెప్పును. పడవ సముద్రముమీద ఊరక వెదకుచు తిరుగదు. పొలములో మంచెమీద కూర్చుండి పిట్టలను కనిపెట్టువానిని మీరెరుగుదురు గదా! ఆలాగే కొండచరియమీద చిన్న గదిలో ఒకడు కూర్చుండి, ప్రొద్దుటినుండి దుర్భిణితో సముద్రమును కనిపెట్టుచుండును. అతడు రేడియోలో చెప్పిన దిక్కునకే పడవ సాగును.

మొదట డాల్ఫినులు గుంపుగా వచ్చి పడవ ముందు గంతులు వేయును. తరువాత దూరమున తెల్లని ఆవిరి లేచును. అది ముందుకును ఎడమకును వంగినయెడల, వచ్చినది స్పెర్మ్ తిమింగలమని కావలివాడు రూఢిగా చెప్పగలడు. ఏలయనగా దాని ముక్కురంధ్రము తల కొనను ఎడమప్రక్క నున్నది. మగది పదునారు మీటర్ల వరకు పెరుగును. అది కొన్ని నిమిషములు ఊపిరి పీల్చుకొని, తోక నింగికెత్తి, నిమ్మళముగా లోతునకు దిగును. మరల పైకి వచ్చుటకు ముప్పావుగంట పట్టవచ్చును. అంతవరకు పడవలోనివారు నీటిలోనికి ఒక యంత్రమును దించి, అది చేయు టక్కుటక్కు శబ్దమును విందురు.

అయితే, ఆ కొండమీద కావలిగది మొదట మీవంటి యాత్రికులకొరకు కట్టినది కాదు. అది వేటగది. అక్కడివాడు ఆవిరిని చూచి రాకెట్టు పేల్చగా, దిగువను త్రవ్వుచున్నవారు పారలు పడవైచి రేవునకు పరుగెత్తెడివారు. ఏడుగురు ఒక తెరచిన కొయ్యపడవ నెక్కి, తెడ్లతోను తెరచాపతోను పోయి, చేతితో ఈటె విసరి, అంతటి జంతువును చంపెడివారు. వారిని నిందించుటకు త్వరపడకుడి. వారు రాతినేలమీది పేదలు. వేటలో ప్రాణములు పోగొట్టుకొన్నవారును కలరు. ఆ కొవ్వు కాచి తీసిన నూనెతో దూరపట్టణములలో యంత్రములు నడిచినవి. నూనె కొన్నవాని చేతికి రక్తము అంటలేదు; అంతమాత్రమున అతడు నిర్దోషియా?

ఆ వేట ఎట్లు ఆగినది? జాలివలన కాదు. భూమినుండి తీసిన నూనెలు చౌకగా దొరకగా తిమింగలపు నూనెకు బేరము తగ్గెను. 1982లో అంతర్జాతీయ తిమింగల వేట సంఘము వ్యాపారవేటను నిలుపవలెనని తీర్మానించెను. 1984లో పీకో ద్వీపమునందలి నూనె కర్మాగారము మూతపడెను. 1987లో కడపటి తిమింగలమును చంపిరి. ఆవిరి వంపును బట్టి జంతువును గుర్తించు నేర్పునకు ఇక కూలి లేకపోయెను. కొలదికాలమునకే యాత్రికులు రాసాగిరి. అప్పుడు వేటకాలపు కావలివారిలో కొందరు అవే కన్నులతో మరల అదే పని చేయుటకు కొండ నెక్కిరి.

"ఇదేమి మార్పు? మునుపు చంపుటకు కూలి, ఇప్పుడు చూపుటకు కూలి" అని మీరనవచ్చును. ఆ మాట నిజమే. అయినను దూరదేశమునకు పోయిన కుమారుని తలంచుకొనుడి. అతనిని ఇంటి త్రోవ పట్టించినది మొదట ఆకలి గదా! తండ్రి, "ఆకలివలన వచ్చితివా, ప్రేమవలన వచ్చితివా?" అని గుమ్మమునొద్ద విచారణ చేయలేదు. మంచి త్రోవలో అనేకులు చిన్న కారణములచేతనే అడుగు పెట్టుదురు. వారు ఏ ద్వారమున వచ్చిరనుటకంటె, లోపలికి వచ్చినపిమ్మట ఎట్లు నడచుచున్నారనునదే ముఖ్యము.

దానికి పరీక్ష ఆ పడవలోనే కలదు. అక్కడి చట్టము ప్రకారము పడవ తిమింగలమునకు 50 మీటర్లకంటె దగ్గరకు పోరాదు. పిల్ల యున్నయెడల 100 మీటర్లు. ముందునుండి అడ్డగింపరాదు. పిల్ల తల్లివలె లోతునకు దిగలేదు. తల్లి మేతకు పోయినప్పుడు తోటివి పైన దానియొద్ద నుండును. పడవ మీదికి వచ్చినయెడల ఆ కాపుదల చెదరును. అయితే డబ్బిచ్చినవాడు, "ఇంకను దగ్గరకు పోనిమ్ము, ఫొటో సరిగా రాలేదు" అనును. చూచుట కూడ ఒక విధమైన వేట కాగలదు. లాభమును దయయు ఒకే త్రోవను పోవునంతకాలము మనుష్యుని హృదయము బయటపడదు. అవి రెండుగా చీలినచోట, యాత్రికులు సణుగుచున్నను పడవను వెనుకకు త్రిప్పినవాడే మారినవాడు.

నేను ఆ సారా కాచిన మనుష్యునికి అట్టి పరీక్ష వచ్చువరకు కాచుకొనలేదు. లెక్కపుస్తకము అతని చేతికిచ్చి, పెద్దలతో కలిసి కనిపెట్టుచు నుండవలసినది. అతడు కాచుట మానినందుకు హేతువును మాత్రము వెదకి, ఆ హేతువుతోనే అతనిని కొట్టితిని. ఆ దినమున వేటకన్ను నాది.

చదువరులారా, పొరుగువాని బలహీనత ఎక్కడ పైకి తేలునో కనిపెట్టు నేర్పు మనకందరికిని కలదు. దానిని పారవేయనక్కరలేదు, ఆ కొండమీదివారు తమ నేర్పును పారవేయలేదు. ఆ కంటితోనే ఈ వారము ఒకని కష్టమును కనిపెట్టి, అతని యింటికి పోవుడి. మీరు తలుపు తట్టుటకు మొదటి కారణము చిన్నదైనను వెనుదీయకుడి.