కరివేపాకులో వాటా

పోపులోకి కరివేపాకు దూయబోతే ఆకు మీద పిట్టరెట్ట లాంటిది కనిపించిందా? దులిపేయకండి, కాసేపు చూడండి. అది కదులుతుంది! నిమ్మ సీతాకోకచిలుక పిల్ల అది. పక్షుల కన్నుగప్పడానికి వేసుకున్న వేషం. పురుగు కాస్త ఎదిగాక పచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది.

సీతాకోకచిలుక తేనె కోసం ఎన్నో పూల మీద వాలుతుంది. గుడ్డు మాత్రం తన పిల్ల తినగలిగే మొక్క మీదే పెడుతుంది. ముందుకాళ్లతో ఆకు తట్టి, రుచి తెలుసుకుని మరీ ఎంచుకుంటుంది. నిమ్మ సీతాకోకచిలుకకు నిమ్మ, కరివేప, మారేడు. మరో జాతికి జిల్లేడు. జిల్లేడు పాలలోని విషమే దానికి రక్ష. ఇంకో జాతికి ఆముదం. కరివేప పురుగును మందార కుండీలో వదిలితే పస్తులుంటుందే గానీ ఆకు ముట్టదు.

ఇలాంటి పురుగును ఇంట్లో పెంచాలనుకుంటే ముందు ఏ మొక్క మీద దొరికిందో గుర్తుపెట్టుకోండి. మందు కొట్టని ఆ ఆకే రోజూ తాజాగా వేయండి.

పూలమొక్క సీతాకోకచిలుకను చుట్టంగా పిలుస్తుంది. కరివేప మొక్క పురిటికి పుట్టిల్లవుతుంది. ఈసారి నాలుగు రెబ్బలు దానికీ వదులుదామా?