అర నూలు తేడా

మా అబ్బాయి పెరట్లో కూర్చుని బేస్ గిటార్‌కి మెడ చేసుకుంటున్నాడు. చెక్క మా అత్తగారింటి పాత టేకు గుమ్మానిది. తీగ పొడవు 34 అంగుళాలైతే పన్నెండో మెట్టు సరిగ్గా 17 దగ్గర పడాలిట. వీణ మెట్లయితే మైనం మీద ఉంటాయి, సర్దుకోవచ్చు. దీనికి రంపపు గాటు పడిందంటే పడిందే. ఏడో గాటు అర నూలు పక్కకి పోయింది.

"పోనీరా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"వేలు పెట్టినప్పుడల్లా నాకు తెలుస్తుందమ్మా" అంటూ పైపలక ఊడదీసేశాడు.

వారం రోజుల చాకిరీ! ఇది నిజాయితీయా, పొగరా? నాకు ఒళ్ళు మండింది. అసలు కారణం వేరే ఉంది లెండి. ఈ వారం సీరియల్లో కథ అతకని చోట అరపేజీ వెన్నెల పూసి కవరు అంటించేశాను. మీరు గమనించరనే ధైర్యం!

రాత్రి ఆ కవరు చింపి కాగితాలు బయటికి తీశాను. పెరట్లో ఇంకా రంపం చప్పుడు వినిపిస్తూనే ఉంది.