మోసపోయిన వారిదా తప్పు?

రావణుడు సన్యాసి వేషంలో వచ్చాడు కనుకనే సీతమ్మ అతిథిగా ఆదరించింది. (లక్ష్మణుడు గీసిన గీత వాల్మీకంలో లేదు, తరువాతి కథల్లో చేరింది.) అయినా ఆమెనే తప్పుబట్టేవారు నేటికీ ఉన్నారు!

బుకిట్ బటోక్‌లో పిల్లలు ఆఫీసులకు వెళ్ళాక ఫ్లాట్లలో ఒంటరిగా ఉండే పెద్దలకు ఆ సన్యాసి ఇప్పుడు ఫోనులో వస్తున్నాడు. "మైక్రోసాఫ్ట్ నుండి మాట్లాడుతున్నాను, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అంటాడు. ఈవెంట్ వ్యూయర్ తెరిపించి ఎర్ర గుర్తులు చూపిస్తాడు. బాగా పనిచేస్తున్న కంప్యూటర్లలో కూడా ఆ గుర్తులు మామూలే. ఆపైన ఎనీడెస్క్ పెట్టించి, బ్యాంకు ఖాతా తెరవమంటాడు. మనం అడగకుండా మైక్రోసాఫ్ట్ వారు ఇలా ఫోను చేయరు. 2020 నుండి సింగపూర్‌లో విదేశీ కాల్స్ ముందు ప్లస్ గుర్తు కనబడుతోంది. అది లేనంత మాత్రాన నమ్మనక్కరలేదు.

తెలియక కాదు, మొహమాటం. మాట్లాడుతున్న మనిషి మీద ఫోను పెట్టేయడం అమర్యాద అని మన పెద్దల పెంపకం. ఆ మర్యాద దొంగకు మనం బాకీ లేము.

డబ్బు పోయాక ఇంట్లో వినబడే మొదటి మాట, "ఇంత చదువుకుని ఇదేమిటి నాన్నా?" ఆ మాటకు జడిసే పెద్దాయన సాయంత్రం దాకా నోరు విప్పడు. ఈలోగా డబ్బు చేతులు మారిపోతుంది. నా దృష్టిలో దొంగకు ఆ గడువు ఇచ్చింది మన ఎత్తిపొడుపే. చెప్పిన వెంటనే వైఫై ఆపి, బ్యాంకుకు ఫోను చేసి, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి. మోసమో కాదో తేలకపోతే 1799కు రాత్రయినా పగలయినా ఫోను చేసి అడగవచ్చు.