మనమా, మేమా?

మహబూబ్‌నగర్‌లో మా కాలనీ పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీషు చెప్తుంటాను. సెలవులు ఎట్లా గడిచాయో అయిదు వాక్యాల్లో రాసుకురమ్మన్నాను. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. మొదటి వాక్యం: 'వీ వెంట్ టు పూనా.' తప్పేమీ లేదు. టిక్కు కొట్టబోతుంటే ఆ పిల్ల పేజీ మీద వేలు పెట్టి ఆపింది.

"సార్, వీ అంటె మనమా, మేమా?"

"రెంటికీ అదే మాట" అన్నాను.

"అట్లెట్ల సార్? మీరు గూడ మాతోని పూనా వచ్చినట్టయితది గద!"

జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్ల అమ్మానాన్నలు దసరా వెళ్ళగానే మేస్త్రి వెంట పూనా పోతారు. బిల్డింగు పనులు చేసి, మళ్ళీ వానలకు ఊరు చేరతారు. దేశంలో ఎన్ని డ్యాములకు, ఎన్ని కాలువలకు మా పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీల చెమట తగిలిందో! ఆ ప్రయాణంలో నేను లేను. 'మేము' అనాల్సిన చోట 'మనం' అంటే, పడని కష్టంలో ఎదుటి మనిషికి వాటా రాసినట్టు. 'మనం' అనాల్సిన చోట 'మేము' అంటే, పక్కనున్నవాణ్ణి గడప అవతల నిలబెట్టినట్టు. ఇంత సూక్ష్మమైన తేడాను మన ఇళ్ళలో బడికి పోని పిల్లలు కూడా పొరబడకుండా పాటిస్తారు. వాళ్ళకు ఏ వ్యాకరణం నేర్పింది?

ఈ మధ్య వియత్నాం విద్యార్థుల కోసం తయారైన ఇంగ్లీషు అభ్యాసాల పుస్తకమొకటి తిరగేశాను. అక్కడి పిల్లలు ఎక్కడ తడబడతారో చూస్తే మా పిల్లలే గుర్తొచ్చారు. వాళ్ళ భాషలోనూ రెండు మాటలున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే 'చుంగ్ తా', కలుపుకోకపోతే 'చుంగ్ తోయ్'. అంటే హనోయిలో ఒక పిల్ల 'వీ' అని రాసేటప్పుడు మా పిల్ల అడిగిన ప్రశ్నే అడగగలదు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు పిల్లలు ఒకే గుమ్మం దగ్గర ఆగి ఆలోచిస్తారు.

వియత్నామీ క్రియకు కాలాన్ని బట్టి రూపం మారదు. 'నిన్న' అని ముందే చెప్పాక, పోవడం అనే మాటను మళ్ళీ మార్చాల్సిన పని వాళ్ళకు ఉండదు. అందుకే 'యెస్టర్‌డే ఐ గో' అని రాస్తారు. వాళ్ళ మాటల చివర 'స్' ధ్వని రాదు. అందుకే 'టూ బుక్' అంటారు. భూతకాలపు గుర్తు క్రియకు తగిలించనంత మాత్రాన వాళ్ళకు గతం లేదంటామా? అన్ని యుద్ధాలు చూసిన దేశానికి గతం గురించి ఎవరు చెప్పాలి?

మా పిల్లల సంగతీ అంతే. 'ఫీవర్ కేమ్ టు మీ' అని రాస్తారు. 'ఐ హ్యాడ్ ఎ ఫీవర్' అని దిద్దుతాను. కానీ ఆ తప్పు వెనకున్న చూపు చూడండి. తెలుగులో జ్వరం వస్తుంది, కోపం వస్తుంది, నిద్ర వస్తుంది. అవి వచ్చి పోయే చుట్టాలు, నేను అవి వచ్చే ఇల్లు. ఇంగ్లీషులోనేమో జ్వరం నా దగ్గరుండే వస్తువు. కోపమైతే ఏకంగా నేనే: 'ఐ యామ్ యాంగ్రీ.' మనిషికీ అతని బాధకూ ఉన్న చుట్టరికాన్ని రెండు భాషలు రెండు విధాలుగా ఊహించాయి. ఇందులో ఏది నిజం? నాకు తెలియదు. రెండూ తెలిసిన పిల్ల నాకంటే బాగా తేల్చగలదేమో.

తప్పు అంటే ఏమిటి అని అందుకే అడగాలనిపిస్తుంది. నేర్చుకునేవాడి తప్పు చాలాసార్లు అమ్మభాషలో ఒప్పు. కొత్తింట్లో అడుగు పెట్టినప్పుడు పాతింటి గుమ్మం ఎత్తుకు అలవాటైన కాలు కొంచెం పైకి లేస్తుంది. ఆ కాలును చూసి నవ్వే హక్కు ఎవరిది?

ఇది ఇంగ్లీషుతో మొదలైన నవ్వు కాదు. హైదరాబాదు రాజ్యంలో 1884 దాకా పారసీ, ఆ తర్వాత ఉర్దూ రాజభాషలు. 1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంస్కరణ సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే తెలుగువాళ్ళ కోసం ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట వినబడితే, పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చూపించారు. నాడు తెలుగు మాట్లాడినందుకు నవ్వారు. నేడు ఇంగ్లీషు సరిగ్గా రానందుకు నవ్వుతున్నారు. భాష మారింది గానీ, నోరు తెరవడానికి జంకే బిడ్డ మారలేదు. వియత్నాంలోనూ 1919 దాకా కొలువు పరీక్షలు చీనా లిపిలో జరిగాయి. పైగా ఫ్రెంచి పెత్తనం. 1986 సంస్కరణల తర్వాత ఇంగ్లీషు. ప్రతి తరమూ ఏదో ఒక పరాయి వాక్యం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డది.

అయితే తప్పును తప్పుగానే వదిలేద్దామా? వదలకూడదు. ఉద్యోగం ఇచ్చేవాడు మన అమ్మభాష అందాన్ని చూసి ఇవ్వడు. కూలీ బిడ్డకు సరైన వాక్యం అందకుండా చేసి, తప్పులను గౌరవిస్తున్నామని చెప్పుకోవడం మరో రకం అన్యాయం. దిద్దించుకోవడం ఆమె హక్కు. దిద్దే తీరే ప్రశ్న.

2018లో మా పిల్లలమర్రికి చెదలు పట్టింది. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే చెట్టు. కాండానికి రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయింది. అప్పుడు కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి, చుక్కచుక్కగా ఎక్కించారు. అది లోపలికి ఇంకింది. ఆ సీసాలు గుర్తొచ్చినప్పుడల్లా నా పాఠం నాకే గుర్తొస్తుంది. ఒకేసారి పోసిన వ్యాకరణం పిల్లల్లో నిలవదు. రోజుకు నాలుగు మాటలు, ఒక వాక్యం, ఒక తప్పు, దాని వెనకున్న తెలుగు. అట్లా ఎక్కిస్తేనే ఇంకుతుంది. 2022 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఆ రెండు పేజీల నడుమ ఉన్న మడతలోనే పిల్ల ఆలోచన జరుగుతుంది. ఆ మడతను చదవగల పంతులు కావాలి.

ఇంగ్లీషు తీసుకునేదే కాదు, ఇచ్చేదీ ఉంది. మనకు ఎదుటివాళ్ళు అన్న, అక్క, పెద్దయ్య, చిన్నమ్మ. వియత్నామీలకూ అంతే. వయసు తేల్చుకోకుండా నోరు విప్పలేరు. తనకంటే కొంచెం పెద్దవాళ్ళ ముందు తనను తాను 'ఎమ్' అనుకోవాలి, అంటే తమ్ముడో చెల్లెలో. ఈ పిలుపుల్లో ప్రేమ ఉంది. కానీ మా తెలంగాణ నేల మీద 'నీ బాంచెన్, కాల్మొక్త' అన్న మాట కూడా తరతరాలు బతికింది. అట్లాంటి ఇంటి బిడ్డ 'ఐ' అని పెద్దక్షరంతో రాసుకుని, ఎంతటివాణ్ణయినా 'యూ' అన్నప్పుడు ఆమె వెన్ను కొంచెం నిటారైతే, దాన్ని నేనెట్లా కాదంటాను? ఒక మాటతో సమానత్వం రాదు. కానీ అది ఎట్లా ఉంటుందో నాలుకకు ఒకసారి రుచి తెలుస్తుంది.

'మన ఊరు, మన బడి' అంటాం. 'మన పాలమూరు' అంటాం. ఆ 'మన'లో పూనాలో ఇటుకలు మోసే తల్లి ఉన్నదా? ఉన్నదని మనసారా అనాలంటే ఏం చెయ్యాలి? మొన్నటిదాకా ఈ ప్రశ్న నాకు ఇంగ్లీషు పాఠానికి సంబంధం లేనిదిగా తోచేది.

మర్నాడు ఆ పిల్ల మళ్ళీ నోటుబుక్కు తెచ్చింది. 'వీ' కొట్టేసి, పైన కొత్త వాక్యం రాసింది: 'మై మదర్, మై ఫాదర్ అండ్ ఐ వెంట్ టు పూనా.' మాట లేని చోట మనుషుల్ని పేరుపేరునా నిలబెట్టింది. వ్యాకరణం సరిగ్గా ఉంది. టిక్కు పెట్టాను. ఆ ముగ్గురిలో నేను లేనన్న సంగతి మాత్రం పేజీ మూసేశాక కూడా నన్ను విడవలేదు.