పది రోజుల అతిథులు

బాలిలో 210 రోజులకోసారి, ఒక బుధవారం, గలుంగన్ వస్తుంది. చనిపోయిన పెద్దలు అప్పుడు ఇంటికొస్తారని నమ్మకం. ఇళ్ల ముందు పెంజోర్లు, అంటే కొస వంగిన పొడవాటి వెదురు గడలు, నిలబెడతారు. పది రోజుల తర్వాత, శనివారం, కునింగన్. ఆ మధ్యాహ్నంలోపే నైవేద్యాలు పెట్టేసి పెద్దల్ని సాగనంపాలి.

ప్రేమ ఉన్నచోట ఈ గడువేమిటి? పొమ్మనడం నిర్దయ కాదా?

నాకలా అనిపించదు. ఎప్పటికీ వెళ్లని చుట్టం చివరికి యజమాని అయిపోతాడు. పోయినవాళ్లు ఇంట్లోనే ఉండిపోతే బతికున్నవాళ్ల ప్రతి నిర్ణయానికీ వాళ్ల అనుమతి కావాలి. అసలు పిలవకపోతే, ఎవరి చేతుల మీదుగా ఇంతదాకా వచ్చామో మరిచిపోతాం. గడువు ఈ రెంటినీ ఆపుతుంది. కాకపోతే ఒక షరతు: 210 రోజులకు మళ్లీ పిలవాలి. పిలిచేవాళ్లకే సాగనంపే హక్కు.