పిల్లల భవిష్యత్తుపై నిర్ణయం - ఒక అమానతు

ఇంటి నుండి పారిపోయి వచ్చిన పిల్లవాడు, బాల్యవివాహం నుండి కాపాడి తెచ్చిన ఆడపిల్ల, రైల్వే స్టేషన్లో వదిలేసిన పసికందు - వీరు ఎవరి సంరక్షణలో ఉండాలి? తల్లిదండ్రులకు తిరిగి అప్పగించాలా, బంధువులకా, లేక ఆశ్రమానికా? మన దేశంలో ఈ నిర్ణయాన్ని 2015 నాటి బాల న్యాయ చట్టం జిల్లా బాలల సంక్షేమ కమిటీకి అప్పగించింది. అందులో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. కమిటీకి మొదటి తరగతి మేజిస్ట్రేటు అధికారాలు ఉంటాయి. పదవీకాలం మూడేళ్లకు మించదు. సేవాభావం లేనివారు చేయగలిగే పని కాదిది. ఎంపిక కమిటీ సిఫారసు మీద ప్రభుత్వం సభ్యులను నియమిస్తుంది.

మన ఉపాధ్యాయులు, న్యాయవాదులు, సమాజ సేవకులు కూడా దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే అలా చేసుకునే విశ్వాసి ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. పదవిని మనంతట మనం కోరుకోవడం ధర్మసమ్మతమేనా? ఇంటర్వ్యూకు మనం దేనితో సిద్ధం కావాలి?

మొదటి ప్రశ్నను చూద్దాం. అధికారాన్ని అడిగి తీసుకోవద్దని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి)కు బోధించారు. అడిగి తీసుకున్నవాడు దానికే వదిలివేయబడతాడని, అడగకుండా లభించినవాడికి దైవసహాయం అందుతుందని ఆయన తెలిపారు. మరోవైపు హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు ధనాగారాల బాధ్యతను తానే అడిగారు. తాను కాపాడగలవాడినని, ఆ పని తెలిసినవాడినని కూడా చెప్పారు (దివ్య ఖుర్ఆన్ 12:55). ఈ రెండింటిలో వైరుధ్యం లేదని ఉలమాలు వివరించారు. హోదా కోసం ఆశపడటం నిషిద్ధం. ప్రజలకు అవసరం ఉండి, తనకు అర్హత ఉంటే ముందుకు రావడం నిషిద్ధం కాదు.

ఇక్కడ అర్హత అంటే కేవలం దైవభీతి కాదు. హజ్రత్ అబూజర్ (రజి) భక్తిని ఎవరు శంకించగలరు? అయినా ఆయన ఈ విషయంలో బలహీనులని, ఇద్దరు మనుషుల మీదైనా అధికారం చేపట్టవద్దని, అనాథ సొత్తుకు బాధ్యుడిగా ఉండవద్దని దైవప్రవక్త (సఅసం) ప్రేమతో హితవు చెప్పారు. నమాజు, ఉపవాసాలు సక్రమంగా ఉన్నంత మాత్రాన ఈ బరువును మోయగలమని అనుకోరాదు. చట్టం కూడా మనస్తత్వశాస్త్రం, న్యాయశాస్త్రం, సామాజిక సేవ వంటి నిర్ణీత విషయాల్లో డిగ్రీని, అనుభవాన్ని కోరుతోంది. 2021 సవరణ ప్రకారం, బాలల సంరక్షణ సంస్థ నిర్వహణలో ఉన్నవారు సభ్యులు కావడానికి అనర్హులు. యతీమ్‌ఖానా నడిపే సోదరులు దీన్ని అవమానంగా భావించనవసరం లేదు. పిల్లలను ఎక్కడికి పంపాలో నిర్ణయించేవాడే, పిల్లలను చేర్చుకునేవాడు కూడా అయితే అమానతుకు ముప్పు కదా!

ఇక రెండవ ప్రశ్న. చట్టంలోని సెక్షన్లు చదవడం అవసరమే. కానీ వాటి వెనుక ఉన్న భావం మనకు కొత్తది కాదు. అనాథల గురించి అడిగిన వారికి, వారి మేలు కోరి చేసేదే మంచిదని అల్లాహ్ జవాబిచ్చాడు (2:220). హిజ్రీ 7వ సంవత్సరంలో ఉమ్రా ముగించుకొని మక్కా నుండి బయలుదేరుతుండగా, ఉహుద్‌లో అమరులైన హజ్రత్ హమ్జా (రజి) కూతురు దైవప్రవక్త (సఅసం) వెంట పరుగెత్తుకొచ్చింది. ఆ పాప తన పినతండ్రి బిడ్డ అని హజ్రత్ అలీ (రజి) అన్నారు. తన సోదరుని బిడ్డ అని హజ్రత్ జైద్ (రజి) అన్నారు. తనకూ పినతండ్రి బిడ్డే, పైగా ఆమె పిన్ని తన భార్య అని హజ్రత్ జాఫర్ (రజి) అన్నారు. ముగ్గురూ ఉత్తములే. దైవప్రవక్త (సఅసం) పిన్ని తల్లితో సమానమని చెప్పి, ఆ బిడ్డను జాఫర్ (రజి) ఇంటికి పంపారు. ఆ తర్వాత ముగ్గురినీ విడివిడిగా ప్రశంసించి, మనసు నొచ్చుకోకుండా చూశారు. ఎవరి హక్కు పెద్దదని కాక, బిడ్డకు తల్లి ఒడి ఎక్కడ దొరుకుతుందని ఆయన చూశారు.

మరొక సందర్భంలో కొడుకు కోసం తల్లిదండ్రులు వాదులాడుకుంటే, ఇష్టమైన వారి చేయి పట్టుకొమ్మని ఆ పిల్లవాడికే చెప్పారు. అతడు తల్లి చేయి పట్టుకున్నాడు. ఏ వయసులో పిల్లలకు ఈ ఎంపిక ఇవ్వాలన్న దానిపై ఇమాముల మధ్య అభిప్రాయ భేదం ఉంది. కానీ ఆ పిల్లవాడి మాటకు విలువ దక్కిందన్నది స్పష్టం. నేటి చట్టం కూడా వయసును, పరిణతిని బట్టి బిడ్డ అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోమంటోంది. సంస్థలో ఉంచడాన్ని చివరి మార్గంగానే ఎంచుకోమంటోంది.

అసలైన పరీక్ష వేరే ఉంది. "మన పిల్లల కోసం మనవాడొకడు కమిటీలో ఉండాలి" అనే మాట మనలో వినిపిస్తుంది. సదుద్దేశంతోనే కావచ్చు. కానీ పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయికి పెళ్లి తలపెట్టిన తండ్రి, మన మస్జిద్ పెద్దలను వెంటబెట్టుకొని వచ్చి "పరువు సమస్య, మనలో మనం సర్దుకుందాం" అంటే ఏం చేస్తాం? సాక్ష్యం మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా ఉన్నా న్యాయంపై నిలబడాలని అల్లాహ్ ఆదేశించాడు (4:135). ముస్లిముగా చెప్పుకునే ఒకతను దొంగతనం చేసి, నిందను ఒక యూదుని మీదకు నెట్టినప్పుడు, ఆ యూదుని నిర్దోషిత్వాన్ని తెలుపుతూ సూరె నిసా ఆయతులు అవతరించాయని వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. మన ఎదుటికి వచ్చే బిడ్డ ఏ మతానికి చెందినదైనా అదే న్యాయం వర్తిస్తుంది. బంధువుల ముందు, జమాఅత్ ముందు ఆ అమ్మాయి పక్షాన నిలబడలేమని మనసు చెబితే, దరఖాస్తు వెనక్కి తీసుకోవడమే మేలు. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

కాబట్టి ఇంటర్వ్యూకు వెళ్లేముందు జవాబులు బట్టీ పట్టడం కంటే కొన్ని అలవాట్లు చేసుకోవడం మంచిది. రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పవద్దని హజ్రత్ అలీ (రజి)ని యమన్‌కు పంపేటప్పుడు దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. కోపంలో తీర్పు చెప్పవద్దని కూడా వారించారు. వీటిని ముందు మన ఇంట్లో, మన పిల్లల తగాదాల్లోనే ఆచరించి చూద్దాం. బిడ్డ గుర్తింపును బయటపెట్టడం చట్టరీత్యా నేరం. విన్న సంగతిని భోజనాల దగ్గర కూడా చెప్పకుండా నాలుకను కాపాడుకోగలమో లేదో పరీక్షించుకుందాం. ఎంపిక కమిటీ అడిగింది తెలియకపోతే తెలియదనే చెబుదాం. లేని అనుభవాన్ని ఉన్నట్లు చెప్పి సంపాదించిన కుర్చీలో కూర్చొని, పిల్లలను నిజం చెప్పమని ఎలా అడగగలం?

ఎంపిక కాకపోయినా మార్గం మూసుకుపోదు. పిల్లలకు తాత్కాలికంగా తమ ఇంట్లో ఆశ్రయమివ్వడానికి, వారి చదువుకు, పోషణకు ఆర్థికంగా తోడ్పడడానికి కూడా అదే చట్టం దారి చూపింది. అనాథను సాకేవాడు స్వర్గంలో తనకు ఎంత చేరువగా ఉంటాడో దైవప్రవక్త (సఅసం) రెండు వేళ్లు చూపి చెప్పారు. ఆ చేరువకు ఏ పదవీ అక్కర లేదు.

అమానతులను హక్కుదారులకు అప్పగించే భాగ్యాన్ని, పసివారి విషయంలో న్యాయంగా నడిచే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.